బతికుండగానే తెచ్చినవాళ్ళు

తాష్‌బులాక్,
అక్టోబరు 4, 2001

ఒసే బురుల్,

మాస్కో వీధులు ఊడ్చి ఊడ్చి అద్దంలా మెరిపిస్తున్న మా ఆడబిడ్డకి నీ వదిన జిపర్ దీవెనలు. దండాలు నువ్వు పెట్టాలి, నేను నీకంటే పెద్దదాన్ని. పెద్ద ఊరికి పోయి మరిచిపోయావేమో.

ఇక్కడ అందరం క్షేమం. అలా రాయడం ఆనవాయితీ కాబట్టి రాశాను, ఇప్పుడు నిజం రాస్తాను. రొమ్ములో గడ్డ అని వేసవిలో రాశానే, అది మంచి గడ్డ కాదట. నగరంలో పెద్దాసుపత్రిలో కోసి తీసేశారు. ఎడమవైపు ఇప్పుడు చదును. మీ అన్న గుర్రానికి జీను బిగించినట్టు గుడ్డ బిగించి కట్టుకుని తిరుగుతున్నాను. నవ్వితే నవ్వు. ఇక్కడ నా ముందు ఎవరూ నవ్వడం లేదు, నాకు అదే ప్రాణం మీదికి వచ్చింది.

కోతతో అయిపోలేదు. నరంలోకి మందు ఎక్కించాలట, ఆరు విడతలు. మంచం ఆసుపత్రిది, మందు మనది. ఒక్కో విడతకి ఒక ఆవు పోతుంది. మనకి ఉన్నవి రెండావులు. ఒకటి కోతకి పోయింది, రెండోది మొదటి విడతకి. ఇప్పుడు టీలోకి పాలు కావాలంటే నీ మేనల్లుడు అదిల్‌గాడు చెంబు పట్టుకుని పక్కింటికి పోతున్నాడు. డాక్టరమ్మ నీ వయసు పిల్ల, మొహమాటం లేనిది. "ఆరూ వరసగా పడితే నీ కొడుకు పెళ్ళికి నువ్వే రొట్టెలు వేయిస్తావు. మధ్యలో ఆపావంటే మాత్రం నేను చేసిందంతా ఏట్లో పోసినట్టే" అంది.

చుట్టాలందరూ చూడ్డానికి వచ్చారు. ఒకరు చక్కెర పొట్లం, ఒకరు టీ పొట్లం, అందరూ తలా ఒక సలహా. తోడేలు కొవ్వు తాగమని ఒకావిడ, తాగొద్దని ఇంకొకావిడ, ఇద్దరూ నా పక్క మీదే కూర్చుని పోట్లాడుకున్నారు. మీ శర్షెన్ పెదనాన్న గుమ్మం బయటే నిలబడ్డాడు. జబ్బు ఎక్కడ వచ్చిందో మగవాళ్ళ ముందు అనకూడదు కదా, "ఆ నలత, ఆ నలత" అంటూ నసిగి, "చెయ్యి చాచి అడగకండి, వంశానికి తలవంపులు. పిల్లవాడికి సున్తీ విందు చేయండి. వచ్చిన చదివింపులతో మందు కొనుక్కోండి" అని మీ అన్నకి చెప్పి వెళ్ళాడు.

పేరు రాశానని ఉలిక్కిపడకు. పదిహేనేళ్ళుగా ఈ ఇంటి కోడలిగా ఆయన పేరు నోట రానివ్వలేదు, "పెద్ద టోపీ మావయ్యగారు" అనే అంటున్నాను. పలకకూడదన్నారు గానీ రాయకూడదని ఎవరూ అనలేదు. శర్షెన్, శర్షెన్, శర్షెన్. అబ్బ, ఎంత హాయిగా ఉందో.

మీ అన్న ఏమంటాడు అంటావా? ఏమీ అనడు. పొద్దున్నే గొర్రెల వెంట పోతాడు, సాయంత్రం వచ్చి నా మొహం తప్ప ఇంట్లో అన్నీ చూస్తాడు. ఆ గొర్రెలు ఊరివి. మనవే అయితే ఈపాటికి మందైపోయేవి.

నీ చీటీ ఎప్పుడొస్తుంది? సిగ్గు విడిచి అడుగుతున్నాను.

నీకు జడ వేసి పెంచిన
జిపర్


మాస్కో,
అక్టోబరు 27

వదినా,

చదును అని రాసిన చోట నాకు నవ్వు రాలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఊడ్చిన వీధినే మళ్ళీ ఊడ్చాను. మా మేస్త్రీ రష్యావాడు, "ఏంటి, ఇవాళ జ్వరమా?" అన్నాడు.

మా నేలమాళిగ గదిలో ఉన్న ఆడవాళ్ళం అందరం కలిసి చీటీ కడుతున్నాం, నెలకి ఒకరికి. నా వంతు కొత్త సంవత్సరానికి వస్తుంది. అది పూర్తిగా నీది. రెండు విడతలకి సరిపోతుంది, మిగిలితే ఆవుదూడ కొను. ఈలోగా మన ఊరివైపు బండి తోలే డ్రైవర్ మామెత్ చేతికి ఊలు శాలువా ఇచ్చాను. లోపల మడతలో ఏదైనా కనిపిస్తే అన్నయ్యకి చెప్పకు, పిల్లాడికి బూట్లు కొను.

కానీ ఒక్క మాట. విందు మాత్రం వద్దు. నా మీద ఒట్టు. శర్షెన్ పెదనాన్న ఎందుకు చెప్పాడో నాకు తెలుసు. విందంటే ముందు వరసలో కూర్చుని గుర్రం తుంటి మాంసం తినేది ఆయనే. గుర్రం కోయాలి, వియ్యాలవారికి బట్టలు పెట్టాలి, తెచ్చిన ప్రతివాడికీ తిరిగి మూట కట్టాలి. మన పెళ్ళిళ్ళూ విందులూ చూసిందాన్నేగా, ఎండాకాలం వాగులా వస్తుంది డబ్బు, చూస్తుండగానే ఇంకిపోతుంది. అప్పులు చేసి అన్నం పెట్టి, చివరికి నీ మందుకి ఖాళీ సంచి దులుపుతారు. విందు చేశారని నా చెవిన పడిందా, నా చీటీలోంచి ఒక్క రూబులు రాదు. ఇది అన్నయ్యకి గట్టిగా చదివి వినిపించు.

తాత పోయినప్పుడు అదే పెదనాన్న గుమ్మంలో మనం ఆడగుర్రాన్ని కట్టి వచ్చాం. ఆ సంగతి ఆయనకి జ్ఞాపకం ఉందో లేదో అడుగు. అడగలేవులే, పేరే పలకలేవు!

చలికాలం వచ్చేసింది. కట్టు తడవకుండా చూసుకో. నీ జుట్టు రాలుతుందా? ఇక్కడ ఒకావిడకి రాలింది, మళ్ళీ ఉంగరాలు తిరిగి వచ్చింది.

నీ పెంకి ఆడబిడ్డ
బురుల్


తాష్‌బులాక్,
నవంబరు 18

ఒసే బురుల్,

జుట్టు రాలింది. దువ్వెన ఖర్చు తగ్గింది. శాలువా తలకి కట్టుకుంటున్నాను, మడతలో ఉన్నది బూట్లయింది.

ఇప్పుడు చెప్పేది కూర్చుని చదువు. రెండో విడతకి పోవలసిన రోజు దాటిపోయింది, చేతిలో చిల్లిగవ్వ లేదు. అప్పుడే వాగవతలి ముసలి గొర్రెలకాపరి పోయాడు. గుర్తుందా, బతికినన్నాళ్ళూ పొయ్యిలో పిడక లేని మనిషి. మేం ఆడవాళ్ళం వాళ్ళింట్లో నూనెలో రొట్టెలు వేయిస్తున్నాం. బయట చూస్తే గుమ్మానికి చావుకని జనం తెచ్చి కట్టిన గుర్రాలు మూడు, గొర్రెల సంగతి సరేసరి. నోట్లు మడిచి ఇచ్చేవాళ్ళు, తివాచీ భుజాన వేసుకొచ్చేవాళ్ళు. పోయినేడు ఆ ముసలాయన కళ్ళద్దాలు పగిలితే అతికించడానికి ఊళ్ళో ఒక్కడు పది సోమ్‌లు ఇవ్వలేదు. నా చేతిలో జల్లిగరిటె ఆగిపోయింది. ఓసి జిపరూ, నువ్వు పోతే ఇంతకంటే ఎక్కువే వస్తుందే, అనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు.

మర్నాడు మొహం కడుక్కుని నేరుగా పెద్ద టోపీ ఆయన ఇంటికే వెళ్ళాను. తలవంచి దండం పెట్టి, గుమ్మంలో కూర్చున్నాను.

"మావయ్యా, నేను పోతే మీరేం తెస్తారు?"

"ఛీ ఛీ, అవేం మాటలు!"

"ఊరికే అడుగుతున్నా. గొర్రె తెస్తారా?"

"గొర్రేంటి?" అని ఆయనకి రోషం వచ్చింది. "మీ ఇంటికి పెద్దని. గుర్రాన్నే తోలుకొస్తాను. ఊరు నోరు మూసుకుంటుంది."

"అయితే ఆ గుర్రాన్ని ఇప్పుడే ఇప్పించండి. మందు కొనుక్కుంటాను. నేను పోయిన రోజున మీరు ఒట్టి చేతులతో రండి. నేను బతికుండగానే ఆయన ఇచ్చేశారని నలుగురి ముందూ చెప్పించే ఏర్పాటు చేసి పోతాను. ఈ మాట నాది."

ఆయన మొహం చూడాలి! "శవానికిచ్చేది శవానికే ఇస్తారమ్మా" అన్నాడు. లేచి లోపలికి పోయాడు. ఆయన భార్య దేవదారు రెమ్మలు అంటించి, నేను కూర్చున్న చోట పొగ వేసింది, దయ్యం పట్టిన చోట వేసినట్టు. పొగ నా వెనకాలే గేటు దాకా వచ్చింది.

ఏడుపొచ్చింది, దాచను. కానీ కాళ్ళు ఇంటివైపు పోలేదు. కొండ కింద ఒక్కతే ఉండే మీ తుమార్ పిన్ని దగ్గరికి పోయాయి. ఆవిడకున్నవి ఒక గొర్రె, రెండు మేకలు. ఇదే మాట చెప్పాను. ఆవిడ పళ్ళు లేని నోటితో పకపకా నవ్వింది. "నీ చావుకి ఈ గొర్రెనే అనుకున్నానే. పట్టుకుపో. చచ్చినదానికి మాంసం ఎందుకు, పళ్ళున్నప్పుడు కావాలి గానీ" అంది. పక్కనే కమ్మరి బెక్తుర్ బావగారు విన్నారు. సాయంత్రం ఆయన తన గొర్రెని కూడా మా దొడ్లో కట్టి పోయారు. మా పుట్టింటికి కబురు పెట్టాను. మా తమ్ముడు కెంజె కొండ దాటి వచ్చి, తన గుర్రం కళ్ళెం మీ అన్న చేతిలో పెట్టి, గోడవైపు తిరిగి ఏడ్చాడు. "అక్కా, ఒట్టి చేతులతో నీ గుమ్మంలోకి ఎలా రానే?" అన్నాడు. చెప్పిస్తానురా అన్నాను.

ఇవ్వనివాళ్ళే ఎక్కువ. నన్ను చూసి పిల్లల్ని లోపలికి లాక్కుంటున్నారు. మీ అన్న తలెత్తుకోలేకపోతున్నాడు. "ఊరు తిరిగి చావు అడుక్కుంటున్నావు" అన్నాడు. నెలరోజుల్లో ఆయన నాతో అన్నది ఆ ఒక్క మాటే.

ఇక నీ వంతు. నేను పోతే నువ్వు ఉరుకుల పరుగుల మీద టికెట్ కొనుక్కుని వస్తావుగా? ఆ టికెట్ డబ్బు ఇప్పుడే పంపు. రాలేదేమని నిన్ను నేను అడగను.

ఊరికి అపశకునమైన నీ వదిన
జిపర్


మాస్కో,
డిసెంబరు 29

వదినా,

రెండు నెలలైంది నీ దగ్గర్నుంచి ఉత్తరం ముక్క లేదు. ఎందుకు లేదో ఇప్పుడు తెలిసింది. రాయడానికి మొహం చెల్లలేదు కాబోలు.

సరుకులు తెచ్చే తోతు నిన్న వచ్చింది. పశువుల సంతలో అన్నయ్యని చూసిందట. చేతిలో మంచి ఎర్ర గుర్రం, బలిసినదట. "విందుకా అన్నా?" అని అడిగితే, అన్నయ్య తల ఊపాడట. పైగా ఊళ్ళో అంటున్నారట, జిపర్ తన చావుకూడు ముందే తినిపిస్తోందని. ఏంటి వదినా ఈ రోత? వద్దు వద్దని మొత్తుకున్నాను. నేను ఎనిమిదిమందితో నేలమాళిగలో పడుకుని, మంచులో పార పట్టి, ఎండు రొట్టె నానబెట్టుకు తింటుంటే, మీరు శర్షెన్ పెదనాన్నకి గుర్రం కోసి పెడతారా?

నా చీటీ నిన్ననే చేతికొచ్చింది. పోవడానికి వచ్చినంతసేపు పట్టలేదు. మా గదిలో పిల్ల ఒకతె తన తమ్ముడి చదువుకి ఏడుస్తుంటే, వంతు మార్చుకుని దానికి ఇచ్చేశాను. నా డబ్బు గుర్రం కడుపులోకి పోనివ్వను.

నీ మీద నాకు కోపం లేదు అని రాద్దామనుకున్నాను. ఉంది.

బురుల్


తాష్‌బులాక్,
జనవరి 26, 2002

ఒసే బురుల్,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత పొయ్యి దగ్గర చాలాసేపు కూర్చున్నాను.

నా నవంబరు ఉత్తరం నీకు అందలేదన్నమాట. మామెత్ బండి సరిహద్దు దగ్గర మంచులో కూరుకుపోయిందని విన్నాను. అదెప్పటికైనా అందుతుంది. అందినప్పుడు చదువుకో, మళ్ళీ అంతా రాసే ఓపిక వేళ్ళకి లేదు. క్లుప్తంగా చెప్తాను. ఆ ఎర్ర గుర్రం మా తమ్ముడు కెంజె నా చావుకి తేవలసింది, నేను బతికుండగానే అడిగి తీసుకున్నాను. మీ అన్న దాన్ని సంతలో కొనడం లేదు తల్లీ, అమ్ముతున్నాడు. మూడో విడతా నాలుగో విడతా ఆ గుర్రమే. రెండోది తుమార్ పిన్ని గొర్రె, బెక్తుర్ గొర్రె. విందు లేదు, ఏమీ లేదు. మా ఇంట్లో మాంసం ఉడికి ఎన్నాళ్ళైందో పిల్లాణ్ణి అడుగు.

మీ అన్నని అడిగాను, తోతుకి ఎందుకు తల ఊపావని. ఎప్పటిలాగే గోడని చూస్తూ, "నా పెళ్ళాం చావు గుర్రాన్ని అమ్ముతున్నానని సంతలో నిలబడి చెప్పమంటావా?" అన్నాడు. తోతు విందా అంటే ఆయనకి అదే సులువైపోయింది. పరువు నిలిచింది. నీ చీటీ పోయింది.

నువ్వు ఆ పిల్లకి ఇచ్చినందుకు ఏమీ అనను, చదువుకే కదా. కానీ నన్ను అడగకుండా నమ్మేశావే, అది మాత్రం మింగుడు పడలేదు. నీకు పేలు తీసినదాన్ని నేను. గుర్రం కోసుకు తినేదాన్నా?

శర్షెన్ పెద్దాయన నన్ను చూస్తే వీధి మారుతున్నాడు. ఆయన గుర్రం మాత్రం వాగు దగ్గర మేస్తోంది. మంచి గుర్రం. పోతూ పోతూ దానికి దణ్ణం పెడుతున్నాను, నాకు రావలసిందే కదా.

జిపర్


మాస్కో,
ఫిబ్రవరి 21

వదినా, వదినా,

రెండు ఉత్తరాలూ ఒకే వారంలో వచ్చాయి, వెనకది ముందు, ముందుది వెనక. నవంబరు ఉత్తరం మామెత్ కోటు అస్తరులో ఉండిపోయిందట. నా నోరు పడిపోను. నా చెయ్యి విరిగిపోను. చెప్పుతో కొట్టినా పడతాను, ఏమీ అనకుండా "చదువుకే కదా" అన్నావు చూడు, అది పడలేను.

ఆ పిల్లని అడిగాను. డబ్బు అప్పుడే ఊరికి పంపేసింది, ఫీజు కట్టేశారు. వాళ్ళమ్మ నాకోసం నమాజు చేస్తోందట. మార్చుకున్న వంతు ఏప్రిల్లో. మేస్త్రీని జీతం ముందుగా అడిగాను. వాడు నా పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళం వేసి, "ముందు ఇస్తే పారిపోతావు" అన్నాడు. తోతు జుట్టు పట్టుకున్నాను, అదీ ఏడ్చింది. "తల ఊపాడే మరి!" అంటుంది. దానిదేం తప్పు? నేను అన్నయ్యని ఎరగనా? సిగ్గేస్తే తల ఊపుతాడు, చిన్నప్పటినుంచీ అంతే.

ఐదో విడత ఎలాగైనా పడాలి. ఇంకెవరినైనా అడుగు. డాక్టరమ్మని బతిమాలు. ఏప్రిల్ దాకా ఆగు వదినా. ఆగు అని రాయడం తేలిక, నాకు తెలుసు.

నీ బురుల్


తాష్‌బులాక్,
మార్చి 30

నా బురుల్‌కి,

అక్షరాలు వంకర పోతున్నాయి, నీ చిన్నప్పటి రాతలా ఉన్నాయి. నడుము ఎముకలో నొప్పి. ఐదో విడత పడలేదు. మొన్న మీ అన్న నన్ను నగరానికి తీసుకెళ్ళాడు, నేను అడగకుండానే. డాక్టరమ్మ ఎక్స్‌రే ఫోటో వెలుతురుకి పట్టుకుని చూసి, ఈసారి మొహమాటపడింది. అందుకే నాకు అర్థమైంది. డబ్బు వస్తే మళ్ళీ మొదలుపెడదాం అంది. వస్తుందన్నాను.

నాకు బతకాలని ఉందే. ఇది ఎవరితోనూ అనలేదు. చావు గురించి ఇన్ని గుమ్మాల్లో అంత తేలిగ్గా మాట్లాడాను కదా, అందరూ నాకు భయం లేదనుకుంటున్నారు. బతుకు మీద ఆశ లేకపోతే అన్ని గుమ్మాలు ఎందుకు తొక్కుతాను?

ఇంకో బెంగ ఉంది. తుమార్ పిన్నికీ, బెక్తుర్‌కీ, కెంజెకీ మాట ఇచ్చాను. వాళ్ళు ఒట్టి చేతులతో వచ్చి నిలబడితే, ఇచ్చేశారని చెప్పించాలి. ఎవరు చెప్తారు? చావుకి వేసే గుడారం లోపల ఏడ్చే ఆడవాళ్ళు అందరూ ఈ ఇంటి కోడళ్ళే. పెద్దవాళ్ళ పేర్లు శోకంలో కూడా పలకకూడదు. ఈ ఇంటి ఆడపడుచువి నువ్వే. నీ నోటికి అడ్డు లేదు. నువ్వు శోకం పెడితే పేరు పేరునా చెప్పొచ్చు. లేదంటే వాళ్ళు దొంగల్లా గోడ పక్కన నిలబడతారు. గొర్రె ఇచ్చి కూడా తుమార్ పిన్ని నలుగురిలో తలవంచుకోవాలా? ఆ ముసలిదాని నవ్వు నా చెవిలోనే ఉంది.

అయినా రమ్మనడం లేదు. డబ్బయినా రావాలి, నువ్వైనా రావాలి, రెండూ రావుగా. డబ్బు వస్తే నీ అవసరం పడదేమో. చూశావా, ఇంకా బేరమే ఆడుతున్నాను.

జిపర్


మాస్కో,
ఏప్రిల్ 23

వదినా,

చీటీ వచ్చింది. లెక్క కూడా చూసుకోకుండా కవరులో పెట్టి అంటించి మామెత్‌కి ఇచ్చాను. ఈసారి కోటు అస్తరులో పెట్టనని వాళ్ళమ్మ మీద ప్రమాణం చేశాడు. నేరుగా నీ చేతికి ఇస్తాడు, అన్నయ్యకి కాదు, ఎవరికీ కాదు.

నేను రావడం లేదు. పాస్‌పోర్టు ఇంకా బీరువాలోనే ఉంది. ఉన్న డబ్బంతా నీ మందుకే. కాబట్టి పేర్లు చెప్పే పని నాకు పెట్టకు, నువ్వు పోవడానికి వీల్లేదు. అదిల్ పెళ్ళికి నేను వచ్చి, నువ్వు వేయించిన రొట్టెల్లో ఉప్పు తక్కువైందని నలుగురిలో అంటాను. అప్పుడు నన్ను తిట్టు.

కవరు అందగానే ఒక్క ముక్క రాయి. "అందింది" అని రాస్తే చాలు.

నీ బురుల్


తాష్‌బులాక్,
మే 19

చెల్లీ బురుల్,

నాకు ఉత్తరం రాయడం రాదు. ఇంతకాలం వదిన రాసేది, నేను పక్కన కూర్చుని వినేవాణ్ణి. నా గురించి రాసినవి కూడా చదివి వినిపించేది. నేను ఏమీ అనేవాణ్ణి కాదు.

వదిన ఈ నెల మూడున పోయింది. పొద్దున్నే. టీ అడిగింది, పాలు పోసి ఇచ్చాను, తాగలేదు.

ముంగిట్లో కంబళి గుడారం వేశాం. ఆడవాళ్ళు లోపల గోడవైపు తిరిగి ఏడుస్తున్నారు. నేను బయట కర్ర మీద ఆనుకుని నిలబడ్డాను. వదిన చెప్పినట్టే అయ్యింది. అడిగితే లేదన్న ప్రతివాడూ వచ్చాడు. శర్షెన్ పెదనాన్న వీధి మొదట్నుంచే, "అయ్యో నా బంగారు కోడలా" అని ఏడుస్తూ వచ్చాడు. వెనకాల గుర్రం. వాగు దగ్గర మేసేదే. వాళ్ళు తెచ్చిందంతా కలిపితే ఆరు విడతలు రెండుసార్లు పడేవి.

తుమార్ పిన్నీ, బెక్తుర్ అన్నా, కెంజె గేటు బయట గోడ పక్కన నిలబడ్డారు. చేతులు ఖాళీ. ఎవరో కుర్రవాళ్ళు, "సొంత అక్కకి ఒక్క గొర్రె కూడా తేలేదు చూడు" అనుకుంటున్నారు. కెంజె విన్నాడు. 

మగవాడి ఏడుపుకి మాటలు ఉండవని నీకు తెలుసు. "ఓ నా తోడా" అనాలి, అంతే. నేను అదే అంటున్నాను. పిన్ని గోడని పట్టుకుని తన ఇంటివైపు తిరగబోయింది. అప్పుడు నాకు ఏమైందో తెలియదు. గొంతెత్తి పేర్లు చెప్పడం మొదలుపెట్టాను, మొదటి పేరు ఎవరిదో చివర్న రాస్తాను. ఓ నా తోడా, నీకు బతికుండగానే గొర్రెనిచ్చిన తుమార్ వచ్చింది, లోపలికి రానీ. నీకు బతికుండగానే గొర్రెనిచ్చిన బెక్తుర్ వచ్చాడు, లోపలికి రానీ. నీకు బతికుండగానే గుర్రాన్నిచ్చిన కెంజె వచ్చాడు. ఎక్కడ సుస్తీ చేసిందో కూడా చెప్పాను, రొమ్ము అని, అందరి ముందూ. లోపల ఏడుపు ఆగిపోయింది.

పెదనాన్న నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఏడుపులో లెక్కలేంట్రా? పరువు తీస్తున్నావు" అన్నాడు.

"లెక్క కాదు పెదనాన్నా, నీ కోడలి మాట" అన్నాను. సంతలో ఆ మాట అనాల్సింది. అప్పుడు తల ఊపాను.

తుమార్ పిన్ని లోపలికి వచ్చి వదిన తల దగ్గర కూర్చుంది. ఎవరూ లేవమనలేదు. పెదనాన్న తెచ్చిన గుర్రాన్ని మాత్రం కోశారు. వచ్చిన జనానికి పెట్టాలి కదా. అందరూ తిన్నారు. నేను కూడా తిన్నాను.

ఇంకొకటి రాయాలి. పోయే ముందు రోజు వదిన నన్ను పిలిచి పేర్లు అప్పజెప్పింది. ఆఖర్న, "బురుల్ పేరు మొదట చెప్పు. దాని డబ్బు దారిలో ఉంది. దారిలో ఉన్నా ఇచ్చినట్టే" అంది. అందుకని నీ పేరే మొదట చెప్పాను. బతికుండగానే ఇచ్చిన బురుల్ అని. ఊరంతా విన్నది.

మామెత్ ఏడోరోజు రొట్టెలు పంచుతుండగా వచ్చాడు. వంతెన తెగి, కొండచుట్టూ తిరిగి వచ్చాడట. వదిన చేతికే ఇవ్వాలి అని గేటు దగ్గర నిలబడ్డాడు. గుడారం విప్పిన చోట గడ్డి నలిగి ఉండటం చూసి టోపీ తీశాడు.

కవరు నేను విప్పలేదు. నువ్వు ముందే ఇచ్చావని ఊరంతటికీ చెప్పాక, ఈ డబ్బు ఎవరిదో నాకు తెలియడం లేదు. నీ చేతిరాతతో "వదినకి, మందుకి" అని ఉంది. పెట్టెలో ఆవిడ శాలువా మడతలో పెట్టాను. ఎప్పుడైనా వస్తే నువ్వే తీసుకో.

మీ అన్న
ఎసెన్